తలుపు తట్టిన తాఖీదు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్తీకమాసంలో ఒక సోమవారం నాడు మా వీధి ఆడవాళ్ళమంతా కలిసి కోటప్పకొండకు వెళ్ళాం. నరసరావుపేట దాటి కొండ కనిపించేసరికి బస్సులో ఉన్నవాళ్ళందరూ "చేదుకో కోటయ్యా" అంటూ చేతులు జోడించారు. దర్శనం అయింది. కిందికి వచ్చి ఉసిరిచెట్టు నీడన పులిహోర పొట్లాలు విప్పుకుంటూంటే, పక్క గుంపులోంచి ఒకమ్మాయి లేచి వచ్చి, "పిన్నిగారూ, గుర్తుపట్టారా?" అంది. పరికిణీ కట్టుకున్న వయసు నుంచీ నేనెరిగిన పిల్లే. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మనిషి చిక్కిపోయింది.

"ఆయనా నేనూ విడిపోయాం పిన్నిగారూ. ఆయన వెళ్ళిపోయి నాలుగేళ్ళయింది. కోర్టు కాగితాలు పోయిన ఏడే చేతికొచ్చాయి. ఇల్లు నాకూ పిల్లలకూ వదిలిపెట్టేట్టు రాసుకున్నాం" అంది. అంతవరకూ బాగానే చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మొన్న ఇంటిపన్ను వాళ్ళొచ్చారు. నాలుగేళ్ళ బకాయి అట. కట్టకపోతే సామాను జప్తు చేస్తామన్నారు. నేను లోపల తలుపు చాటున నుంచుని, 'అమ్మ ఇంట్లో లేదని చెప్పు' అని పిల్లను పంపించాను."

"నోటీసులు రాలేదుటే?" అన్నాను.

"వచ్చాయి. ఆయన పేరుమీద వచ్చాయి. ఆయన పేరు కనబడితేనే ఒళ్ళు మండిపోయేది. విప్పకుండా బీరువా సొరుగులో పడేశాను. ఆయనగారి బాకీ నాకెందుకు అనుకున్నాను. ఇప్పుడు నా కుట్టుమిషను పట్టుకుపోతే ఎట్లా పిన్నిగారూ? దానిమీదే కదా మేం బతుకుతోంది!"

నాకు వెంటనే జవాబు తోచలేదు. మనలో చాలామందికి తోచదు. కరెంటు బిల్లు తెలుసు, పాలచీటీ తెలుసు. ఇంటిపన్ను మాత్రం మగవాళ్ళ వ్యవహారం అనుకుంటాం. ఇంటికొచ్చాక లాయరీ చేస్తున్న మా మరిదిని అడిగాను, నాలుగు పాత పుస్తకాలు తిరగేశాను. పన్నువాడు ఇంటిముందుకు రావటం, మగవాడు లేని ఇంట్లో ఆడది గుమ్మం దగ్గర నిలబడి జవాబు చెప్పవలసి రావటం ఈనాటి కథ కాదని తెలిసింది. మన గుంటూరు, పల్నాడు సీమల్లో అది రెండు వందల ఏళ్ళ కథ. ఇవాళ మీతో ఆ ముచ్చటే చెప్పాలని వచ్చాను.

మొదట మాటల సంగతి చూడండి. జప్తు, బకాయి, వసూలు, కిస్తు, తాఖీదు, అమీను. ఇవేవీ అచ్చతెలుగు మాటలు కావు. అరబ్బీ, పారసీ భాషల్లోంచి నవాబుల పాలనతో పాటు మన ఊళ్ళకు వచ్చాయి. కుంపిణీ వారు వచ్చాక దొరలు మారారుగాని మాటలు మారలేదు. వాటి భయమూ పోలేదు.

ఆ భయం పేదవాళ్ళకే అనుకోకండి. నరసరావుపేట పేరే మల్రాజు వంశపు జమీందారు నరసారావుగారి పేరున వచ్చింది. అలాంటి జమీందారులు కూడా సర్కారు బకాయిల పాలబడ్డారు. 1832, 33 సంవత్సరాల్లో గుంటూరు సీమను డొక్కల కరువు పట్టుకుంది. లక్షకు మించి జనం చనిపోయారు, బతికినవాళ్ళు వలసపోయారు. దున్నేవాడు లేడు, పండేది లేదు. శిస్తుమాత్రం పుస్తకాల్లో పెరుగుతూనే ఉంది. చివరికి 1840ల్లో గుంటూరు జమీందారీలన్నీ బకాయిల కింద సర్కారు స్వాధీనమైపోయాయి. కోటలున్నవాళ్ళ గతే అదైతే, పూరింటివాళ్ళ మాట చెప్పేదేముంది?

పూరింటి సంగతి 1855లో బయటపడింది. చెన్నపట్నం రాజధానిలో పన్ను వసూలు కోసం రైతులను హింసలు పెడుతున్నారని ఇంగ్లండు పార్లమెంటులో గొడవ జరిగితే, ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని వేశారు. ఎలియట్, స్టోక్స్, నార్టన్ అనే ఆ ముగ్గురూ ఊళ్ళలోంచి వచ్చిన ఫిర్యాదులు విన్నారు. మనుషులను మండుటెండలో నిలబెట్టటం, మెడ వంచి కాలి బొటనవేలికి తాడుతో కట్టటం, వీపుమీద రాళ్ళెత్తటం, చేతివేళ్ళను చెక్కల మధ్య పెట్టి బిగించటం నిజమేనని ఆ సంఘమే రాసింది. శిస్తు పద్దుల వెనక ఎంత ఏడుపు ఉన్నదో అప్పటికిగాని కాగితంమీదికి ఎక్కలేదు.

ఆ నివేదిక వచ్చిన తొమ్మిదేళ్ళకు, 1864లో, మద్రాసు రెవెన్యూ వసూలు చట్టం వచ్చింది. సర్కారు బకాయిని ఎట్లా రాబట్టాలో చెప్పే చట్టం అది. వినటానికి ఆడవాళ్ళకు సంబంధం లేని సంగతిలా ఉంది కదూ! నేనూ అట్లాగే అనుకున్నాను. చదివితే అందులో మన గది ఉంది.

ఆ చట్టం ఏమంటుందంటే, జప్తుకు వచ్చేవాడు ఉత్తచేతులతో రాకూడదు. బాకీదారు పేరు, బాకీ మొత్తం రాసిన కాగితం తేవాలి. సూర్యుడు పొడిచాక, అస్తమించేలోపలే రావాలి. పది రూపాయల బాకీకి వంద రూపాయల సామాను ఎత్తకూడదు. బాకీకి తగినంతే పట్టాలి. పట్టినవాటికి జాబితా రాసి ఇవ్వాలి. వేలం పాడేలోగా బాకీ, ఖర్చులూ కట్టేస్తే వస్తువులు తిరిగి ఇచ్చేయాలి. ఇక మన గది మాట. పశువుల కొట్టం, ధాన్యపు కొట్టు తలుపులు తీయించవచ్చుగాని, ఆడవాళ్ళుండే లోపలి గదిలోకి అతడు తనంత తాను జొరబడటానికి వీల్లేదు. అక్కడ సామాను ఉన్నదని అనుమానం ఉంటే పోలీసు అధికారిని పిలిపించుకోవాలి. ముందుగా తెలియజేసి, లోపలి ఆడవాళ్ళు మర్యాదగా బయటికి వెళ్ళే ఏర్పాటు చేసి, అప్పుడే లోపలికి అడుగుపెట్టాలి. సామాను తీసుకోగానే గదిని మళ్ళీ వాళ్ళకు వదిలిపెట్టాలి.

ఘోషా కాలపు మర్యాద అది. చదువుతూంటే నవ్వూ వచ్చింది, గౌరవమూ కలిగింది. వేళ్ళు విరిచి వసూలు చేసిన సీమలోనే, "గుమ్మం దగ్గర ఆగు, కాగితం చూపించు" అని రాతపూర్వకంగా చెప్పే రోజు వచ్చిందన్నమాట. ఆ చట్టం ఇప్పటికీ మన రాష్ట్రంలో పేరు మార్చుకుని అమల్లోనే ఉంది.

చట్టం రాసినంత మాత్రాన ఊళ్ళో అంతా చక్కబడిందా? లేదు. కాగితంమీద ఉన్న హక్కు, తెలిసినవాడికే హక్కు. తెలియనివాడికి కాగితమే. ఆ సంగతి మన వాళ్ళు 1919 నుంచి 1922 దాకా మూడుచోట్ల మూడు రకాలుగా నేర్చుకున్నారు. మూడూ అప్పటి గుంటూరు జిల్లాలోనివే.

మొదటిది చీరాల, పేరాల. మనం మాట్లాడుకునే ఇంటిపన్నుకు బాగా దగ్గరి కథ. ఆ రెండు ఊళ్ళనూ కలిపి 1919లో మునిసిపాలిటీ చేశారు. నేతపని, చిన్న వ్యాపారాల మీద బతికే జనం. అంతకుముందున్న పన్నుకు ఎన్నో రెట్లు పన్ను వచ్చి నెత్తిన పడింది. మాకు మునిసిపాలిటీ వద్దు, పన్ను కట్టం అన్నారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు వాళ్ళ వెనక నిలబడ్డారు. కట్టనివాళ్ళను జైలుకు పంపారు. వాళ్ళలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ ఉన్నారు. ఏ నాయకురాలూ కాదు, ఉపన్యాసాలు చెప్పిన మనిషీ కాదు. పన్ను కట్టనని గుమ్మంలో నిలబడి చెప్పి, జైలుకు నడిచిన ఒక ఇల్లాలు. 1921లో గాంధీగారు చీరాల వచ్చి వెళ్ళాక, ఊళ్ళు ఊళ్ళే ఖాళీ చేసి వేలమంది జనం ఊరి బయట రామనగరం అని పేరుపెట్టుకుని పాకల్లో కాపురాలు పెట్టారు. ఎండకూ వానకూ నెలల తరబడి ఆ పాకల్లో పొయ్యి రాజేసినవాళ్ళు ఎవరంటారు? ఆడవాళ్ళే. చివరికి ఆ పోరాటం గెలవలేదు. జనం తిరిగి ఇళ్ళకు రావలసి వచ్చింది, మునిసిపాలిటీ నిలిచింది. అయినా ఆ పేరు మనం మరచిపోలేదు.

రెండోది పెదనందిపాడు. 1922 మొదట్లో ఆ ఫిర్కా రైతులు శిస్తు కట్టం అన్నారు. పర్వతనేని వీరయ్యచౌదరిగారు నడిపించారు. కరణాలు, మునసబులు ఉద్యోగాలు వదిలేశారు. అధికారులు వచ్చి సామాను జప్తు చేసి వేలం వేశారు. పాట పాడేవాడు దొరకలేదు! ఎదురింటివాడి గేదెను, పక్కింటివాడి బిందెను పాడుకోవటానికి ఊళ్ళో ఒక్కడూ ముందుకు రాలేదు. జప్తుకు బలం పాటదారు వల్లనే వస్తుందని అప్పుడు తెలిసింది. చౌరీచౌరా సంఘటన తర్వాత గాంధీగారు ఉద్యమాన్ని ఆపమన్నారు, ఇక్కడా ఆగిపోయింది.

మూడోది మన పల్నాడు. ఇక్కడ పన్ను పేరు పుల్లరి. అడవిలో పశువులను మేపుకున్నందుకు తలకింత అని కట్టవలసిన రుసుము అది. 1882 అడవి చట్టం వచ్చాక, తాతలనాటి నుంచీ మేపుకున్న అడవిలోనే చీటీ లేకుండా అడుగుపెడితే నేరం. పశువులను తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారు. బందె కట్టి విడిపించుకోవాలి. ఆలోచించండి, బందెలదొడ్డిలో ఉన్నది పాడిగేదె అయితే ఆ పూట ఆ ఇంట్లో పిల్లవాడికి పాలు లేవు. అది కూడా జప్తే. ఇంటి తలుపు తట్టకుండా వంటింటిని జప్తు చేయటం!

1921లో పల్నాటి జనం పుల్లరి కట్టం అన్నారు. అధికారులకు ఊళ్ళలో తిండి పెట్టేవాళ్ళు లేరు, గుడ్డలుతికేవాళ్ళు లేరు. సంగతులు తెలుసుకుందామని గుంటూరు నుంచి మాచర్లకు వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని, వేదాంతం నరసింహాచార్యులుగారిని అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. ఉన్నవవారు మాలపల్లి నవలను జైలులో ఉండగానే రాశారు. ఇక్కడ బయట ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారు చేతులు కట్టుకు కూర్చోలేదు. 1922లోనే గుంటూరులో ఆడపిల్లల చదువుకోసం శారదానికేతనం మొదలుపెట్టారు. అదే ఏడాది ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతుగారు నేలకొరిగారు. ఊరంతా ఆయన పేరు చెప్పుకుంది, ఇప్పటికీ చెప్పుకుంటోంది. కాని ఆ తెల్లవారి ఆ ఇంటి గుమ్మంలో మిగిలిన మనిషి ఆయన భార్య గంగమ్మ. చరిత్ర పుస్తకాల్లో ఆవిడకు ఒకటి రెండు వాక్యాలకంటే చోటు దొరకదు.

ఎందుకు చెబుతున్నానంటే, మగవాడు చనిపోయి వెళ్ళినా, జైలుకు వెళ్ళినా, మన అమ్మాయి మొగుడిలాగా కాపురం వద్దని వెళ్ళినా, గుమ్మం మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. తలుపు తట్టేవాడు ఆ గుమ్మానికే వస్తాడు. ఆ రోజుల్లో గుమ్మంలో ఉన్న ఆడదాని వెనక ఊరు ఉంది. పాట పాడనని ఊరంతా అన్నది, పాకల్లో ఊరంతా ఉన్నది. విడిపోయిన భార్య వెనక ఎవరున్నారు? పుట్టింటివాళ్ళు మొహం చాటేస్తారు, పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూస్తారు. ఆమె వెనక ఉన్నది కాగితమొక్కటే. ఆ కాగితాన్ని ఆమె సొరుగులో పడేస్తే ఇంకేముంది?

ఇదేదో మన దేశపు ఆడవాళ్ళ అమాయకత్వం అనుకోకండి. మన తెలుగువాళ్ళు ఎందరో కాపురముంటున్న ఇంగ్లండు సంగతి చూడండి. అక్కడ 1993 నుంచి కౌన్సిల్ టాక్స్ అని ఇంటిపన్ను ఉంది. భార్యాభర్తలు కలిసి ఉన్నంతకాలం ఆ పన్నుకు ఇద్దరూ జవాబుదారులే. ఒకరు వెళ్ళిపోతే, ఫలానా తేదీన వెళ్ళారని కౌన్సిల్ ఆఫీసుకు తెలియజేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే మిగిలితే పన్నులో 25 శాతం తగ్గింపు కూడా ఉంది. తెలియజేయకపోతే ఆ తగ్గింపూ లేదు, కలిసి ఉన్న కాలపు బకాయి మొత్తానికి ఉన్నమనిషినే అడగవచ్చు. అక్కడా జప్తు మనుషులు వస్తారు. 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ముందుగా నోటీసు ఇవ్వాలి, ఉదయం 6 గంటలకు ముందు, రాత్రి 9 దాటాక రాకూడదు. ఇంట్లో 16 ఏళ్ళలోపు పిల్లలు తప్ప పెద్దవాళ్ళెవరూ లేకపోతే లోపలికి అడుగే పెట్టకూడదు. మన అమ్మాయి పిల్లను గుమ్మంలోకి పంపి తను చాటున నుంచున్న సంగతి నాకు ఇది చదవగానే గుర్తొచ్చింది. ఏ దేశమైనా ఆ పసిదాని మొహం ఒకటే కదా!

సరే, మన సంగతికి వద్దాం. ఇంటికి వచ్చాక మా మరిది చెప్పినవి, నేను ఆ అమ్మాయికి ఉత్తరంలో రాసినవి మీకూ చెబుతాను. ఎవరికి ఎప్పుడు పనికొస్తాయో!

మొట్టమొదటిది. ఇంటిపన్ను మనిషిమీద కంటే ఇంటిమీద ఉంటుంది. పట్టణంలో మునిసిపాలిటీ అయినా, పల్లెలో పంచాయతీ అయినా అంతే. ఆ బాకీ ఆ కట్టడాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. విడాకులు మీ ఇద్దరి మధ్య ఒప్పందం. ఆ సంగతి పన్ను పుస్తకానికి ఎవరూ చెప్పలేదు. ఆయన పేరున వచ్చిన నోటీసు ఆయనది మాత్రమే కాదు, మీరుంటున్న ఇంటిది. కాబట్టి విప్పి చదవండి. ఏ సంవత్సరం నుంచి బకాయి, అసలెంత, ఆలస్యపు వడ్డీ ఎంత అన్నది విడివిడిగా రాసుకోండి.

రెండోది. ఇల్లు చేతులు మారితే, ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ మూడు నెలల్లోగా మునిసిపాలిటీకి తెలియజేయాలని చట్టం. ఇల్లు మీకు రాసుకున్నప్పుడే, పాత బకాయి ఎవరు కట్టాలో కూడా ఆ రాజీ కాగితంలో రాయించుకోవాలి. నగలూ, పిల్లల ఖర్చులూ గుర్తుంటాయి, ఇంటిపన్ను ఎవరికీ గుర్తుండదు. రాయించుకోనివాళ్ళు లాయరుగారిని అడిగి ఏమైనా చేయవచ్చునేమో కనుక్కోవాలి. ఒక్క మాట. పన్ను పుస్తకంలో పేరు మారినంత మాత్రాన ఇల్లు మీదైపోదు. పన్ను రసీదు వేరు, దస్తావేజు వేరు. రెండూ సరిచేసుకోవాలి.

మూడోది. జప్తు అంటే ఇల్లంతా ఊడ్చుకుపోవటం కాదు. కోర్టు అమీనా వచ్చినప్పుడు సంగతి 1908 సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షనులో ఉంది. బాకీదారుకూ, భార్యకూ, పిల్లలకూ అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు ముట్టకూడదు. ఆచారం ప్రకారం ఆడది ఒంటిమీంచి తీయకూడని నగ ముట్టకూడదు. చేతివృత్తివాడి పనిముట్లు ముట్టకూడదు. మునిసిపల్ పన్నుల నిబంధనల్లో కూడా కట్టుబట్టలు, పక్కబట్టలు, వంటపాత్రలు, పనిముట్లు వదలాలన్న మాట ఉంది. కుట్టుమిషను మీద బతికే మనిషి, "ఇది నా పనిముట్టు" అని ధైర్యంగా చెప్పవచ్చు, అర్జీలో రాసి ఇవ్వవచ్చు. మీ పుట్టింటి సారె, మీరు కొనుక్కున్న సామాను మీవేనని చూపించే రసీదులు, జాబితాలు ఉంటే ఒకచోట పెట్టుకోండి.

నాలుగోది. వచ్చినవాడు శత్రువు కాదు. అతడూ జీతగాడే. "కాగితం చూపించండి బాబూ, పేరు రాసుకుంటాను" అని మర్యాదగా అడగండి. రసీదు లేకుండా చేతికి డబ్బు ఇవ్వకండి. మీరే ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చి, ఎంతోకొంత కట్టి, మిగిలినదానికి గడువు అడగండి. అర్జీ ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉండాలి.

ఐదోది. లాయరుకు డబ్బు లేదని ఊరుకోకండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆస్తీ ఆదాయమూ చూడకుండా ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలి. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవల కమిటీ ఆఫీసులో అడగండి. ఇక విడాకులు ఇంకా కానివాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. ఇంటి ఖర్చులకు డబ్బు ఇప్పించమని అడిగేటప్పుడు ఈ పన్ను బకాయి కూడా లెక్కలో వేయించండి.

ఉత్తరం రాసిన నెలన్నరకు ఆ అమ్మాయి దగ్గర నుంచి జవాబు వచ్చింది. సొరుగులోని కవర్లన్నీ విప్పిందట. లెక్క వేస్తే బకాయిలో చాలా భాగం ఆయన ఉన్న కాలానిదీ, వెళ్ళిన కొత్తదీ. వడ్డీ చూస్తే కళ్ళు తిరిగాయట. మొదటి నోటీసునాడే కట్టి ఉంటే ఆ వడ్డీ డబ్బుతో పిల్లల ఏడాది పుస్తకాలు వచ్చేవి. ఆ నష్టం నష్టమే, దాన్ని ఎవరూ పూడ్చలేరు. రెండు గాజులు కుదువపెట్టి సగం కట్టింది, మిగతాదానికి గడువు తీసుకుంది. పేరు మార్పుకు అర్జీ పెట్టింది. "ఈసారి వాళ్ళొస్తే తలుపు నేనే తీశాను పిన్నిగారూ, రసీదు చూపించాను, మంచినీళ్ళిచ్చాను" అని రాసింది. ఆ వాక్యం నేను రెండుసార్లు చదువుకున్నాను.

ఇంతకీ కోటప్పకొండ సంగతి మరిచాననుకుంటున్నారా? కొండమీద గొల్లభామ గుడి మీరు చూసే ఉంటారు. ఆనందవల్లి అనే ఆ గొల్లపిల్ల రోజూ కొండెక్కి స్వామిని సేవించేది. నిండు చూలాలై ఎక్కలేక, నువ్వే కిందికి రా స్వామీ అంది. వస్తాను, నువ్వు మాత్రం వెనక్కి తిరిగి చూడకు అన్నాడు స్వామి. ఆమె తిరిగి చూసింది, ఆయన అక్కడే లింగమై నిలిచిపోయాడు. ముందు గొల్లభామను దర్శించి, ఆ తర్వాత స్వామి దగ్గరకు వెళ్ళటం ఆచారం అంటారు.

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఈ కథ చెప్పి, "వెనక్కి తిరిగి చూడకూడదే ఆడపిల్ల" అనేది. కాపురం విరిగిన ఆడవాళ్ళతో లోకం కూడా అదే అంటుంది. జరిగిందేదో జరిగింది, వెనక్కి చూడకు అంటుంది. మనసు విషయంలో అది మంచి మాటే కావచ్చు. కాగితాల విషయంలో మాత్రం కాదు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. సొరుగు తీయండి. ఆ కవరు ఎవరి పేరున వచ్చినా సరే, విప్పండి.

వేళ్ళు విరిపించుకున్న రైతులు, పాకల్లో పొయ్యి రాజేసిన ఇల్లాళ్ళు, జైలుకు నడిచిన అలమేలమ్మగారు పడిన కష్టాల వెనక వచ్చిన మర్యాదలు ఇవి. కాగితం చూపించమని అడిగే హక్కు, వంటపాత్రలు ముట్టవద్దనే హక్కు మనకు ఉత్తినే రాలేదు. తలుపు చాటున నుంచుంటే అవి మనకు పనికిరావు. తలుపు తీసి అడిగితేనే పనికొస్తాయి.